చైనా కరువుకు పిచ్చుకల వేటే కారణమా?

జొన్నచేను:
1958లో చైనా ప్రభుత్వం ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకలనూ నిర్మూలించాలని జనాన్ని వీధుల్లోకి దించింది. గింజలు తినడమే పిచ్చుక చేసిన నేరం. అవి పోయాక పురుగు పెరిగి, పంట దెబ్బతిని, 1959-61 మధ్య కోట్ల మంది ఆకలితో చనిపోయారని అంటారు. నాకూ అదే సబబు అనిపిస్తోంది. మీరేమంటారు?

పాతలెక్క:
వేట నిజం. కానీ అంత కరువును దానికే అంటగడితే నేను ఒప్పుకోను. కింది నాయకులు పండని పంటను పండినట్టు పైకి రాశారు. ఆ దొంగ లెక్కల ప్రకారమే ప్రభుత్వం ధాన్యం సేకరించింది. కోతకు ఉండాల్సిన మనుషులను ఉక్కు కొలిమిల దగ్గరికి తోలడంతో పంట చేలోనే రాలిపోయింది. 1959లో జనం చస్తున్నా ధాన్యం ఎగుమతి ఆగలేదు. ఇదంతా పురుగు చేసిందా? తప్పు పిచ్చుకల వేట మీదికి నెడితే, రైతు ఇంట్లోంచి గింజలు ఎత్తుకెళ్లినవాళ్లు తప్పించుకుంటారు. నా బాధ అదే.

జొన్నచేను:
సేకరణ సంగతి కాదననండీ. కానీ పురుగును తేలిగ్గా తీసెయ్యకండి. జొన్న పాలు పోసుకునే రోజుల్లో మా నాన్న మంచె ఎక్కి డబ్బా కొట్టేవారు, వడిసెల తిప్పేవారు. కోత అయ్యాక పిట్టల జోలికి పోయేవారు కాదు. అక్కడ డప్పులు, పళ్లేలు మోగిస్తూ పిచ్చుకను ఎక్కడా వాలనివ్వలేదు. ఎగిరెగిరి అలిసి నేలరాలాయి. గూళ్లు పీకేశారు, గుడ్లు చితక్కొట్టారు. పిల్లలు పుట్టిన కాలంలో పిచ్చుక వాటి నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగులే. జెంగ్ జువోషిన్ అనే పక్షిశాస్త్రవేత్త పిచ్చుకల కడుపులు కోసి చూసి చెప్పింది అదే. 1960లో ప్రభుత్వమే పిచ్చుకను జాబితాలోంచి తీసి నల్లిని చేర్చింది కదా?

చెరువుగట్టు:
ఇంకో మాట. ఆ మోతకు వాలే చోటు లేక చచ్చినవి పిచ్చుకలొక్కటే కాదు, వేరే పక్షులూ పోయాయి. వాటి లెక్క ఎవరూ తీయరు.

పాతలెక్క:
జొన్నచేను గారూ, పురుగు వల్ల పంట తగ్గిందంటే ఒప్పుకుంటాను. ఒక్కటి ఆలోచించండి. జాబితాలోంచి తీసెయ్యగానే పిచ్చుకలు చేలకు తిరిగి రావు, అవి మళ్లీ పెరగాలంటే ఏళ్లు పడుతుంది. ఆకలి మాత్రం 1962 నాటికే చాలావరకు తగ్గింది. 1961లో కెనడా, ఆస్ట్రేలియాల నుంచి గోధుమలు తెప్పించారు, రైతుల దగ్గర సేకరణ తగ్గించారు.