జనవరి 30 ఆట: జెర్సీలా, మెరకా?

కార్యదర్శి:
కువైట్‌లోని మన సంఘం వాళ్ళందరికీ నమస్కారం. జనవరి 30 శుక్రవారం మన ఫుట్‌బాల్ ఆటలు ఖాయం. ఫిబ్రవరి మధ్యలో రంజాన్ వస్తుంది, అది అయ్యేసరికి కువైట్‌లో ఎండలు మొదలైపోతాయి, కాబట్టి ఇదే అదను. గ్రౌండు మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 8 వరకు మనది. జట్టుకి ఏడుగురు, మొత్తం నాలుగు జట్లు: అమలాపురం, రాజోలు, నరసాపురం, యానాం. ఎవరు ఎటువైపు వాళ్ళో మీరే తేల్చుకోండి, పోయినసారిలా అత్తారి ఊరు పేరు చెప్పి గెలిచే జట్టులో దూరొద్దు. ఈసారి మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి 20 జెర్సీలు, షూలు, ఒక పెద్ద కప్పు పంపుదామని ఆలోచన. స్టేజీ మీద పెట్టి ఫోటో తీయిద్దాం. సెలవు మీద ఊళ్ళో ఉన్న తమ్ముడూ, గ్రౌండుకి వెళ్ళి కుర్రాళ్ళ సైజులు రాసి పంపు.

ఊరెళ్ళిన తమ్ముడు:
అన్నా, సైజుల కోసమే వెళ్ళాను. రాయకుండా వచ్చేశాను. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

కనుమ మర్నాడు పొద్దున్న ఆరున్నరకి వెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. పక్క చేలో వేసిన కోడిపందేల బరికి వచ్చిన కార్లన్నీ మూడు రోజులూ హైస్కూలు గ్రౌండ్లోనే ఆపారు. టైర్లు దిగిన గుంతలు చీలమండ లోతున్నాయి. ఆ గుంతలు తప్పించుకుంటూ పద్నాలుగు మంది ఆడుతున్నారు. అందులో తొమ్మిది మంది అమ్మాయిలు. మన క్లబ్బంటే మీ కళ్ళ ముందు మీసాలొచ్చిన కుర్రాళ్ళు కనపడుతున్నారేమో, వాళ్ళెవరూ లేరు. ఉన్న ఐదుగురు అబ్బాయిలూ ఏడో తరగతి లోపు.

మన డ్రిల్లు మాస్టారు రిటైరై ఎన్నేళ్ళయినా అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునే ఉన్నారు. ఈల మాత్రం మారింది.

సంఘంలో కొత్తగా చేరినవాళ్ళకి నాలుగు ముక్కలు. 1996 నవంబరు తుపానుకి గ్రౌండు చుట్టూ ఉన్న కొబ్బరిచెట్లు పడిపోతే, ఆ మానుల్లోంచే నాలుగు ఏరి గోల్ పోస్టులుగా పాతించారు మాస్టారు. వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు, టేపు పెట్టి కొలిచి మరీ. పైన అడ్డంగా వెదురు బొంగు. అంతకుముందు మనకి రెండు ఇటుకలే గోలు. నిజం గోలు వచ్చాక క్లబ్బు దశ తిరిగింది. చుట్టుపక్కల ఊళ్ళ టోర్నమెంట్లకి సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళం, రేవు దాటాల్సి వస్తే పంటు మీద. ఆట అయ్యాక మాస్టారు చెప్పే కథ ఒకటే: హైదరాబాద్ రహీం సాబ్ కూడా స్కూలు మాస్టారేరా, ఆయన చేతికింద మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్ళింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం గెలిచింది అని. ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

తర్వాత వీసాలు మొదలయ్యాయి. ఒక్క వేసవిలో గోల్‌కీపరూ, ఇద్దరు బ్యాక్‌లూ వెళ్ళిపోయారు. ఆ గోల్‌కీపరు ఇప్పుడు మన కోశాధికారి. మరుసటేడు నేనూ కువైట్ వచ్చేశాను. పదకొండు మంది దొరక్క ఏడుగురితో ఆడారు, తర్వాత ఐదుగురితో. ఆఖరికి గ్రౌండు ఖాళీగా ఉందని క్రికెట్ కుర్రాళ్ళు మధ్యలో సిమెంటు పిచ్ పోశారు. వాళ్ళని తప్పు పట్టను, మనమే ఖాళీ చేశాం.

ఇప్పుడు అసలు విషయం. గ్రౌండుకి మూడు పక్కలా చేపల చెరువులు వచ్చాయి. ఊట ఎప్పుడూ ఉంటుంది. వానాకాలంలో గోదారి నిండుగా ఉంటే డ్రైన్లు లాగవు, నీళ్ళు వెనక్కి తంతాయి. జూలైలో నిలిచిన నీళ్ళు కార్తీకం దాకా కదలవు. స్కూల్ గేమ్స్ సెలక్షన్లు సరిగ్గా ఆ వానల్లోనే పడతాయి. అంటే పిల్లలు నెలల తరబడి బంతి తన్నకుండా సెలక్షన్లకి వెళ్తున్నారు. పోయినేడు ముగ్గురు అమ్మాయిలు పంచాయతీ రోడ్డు మీద ప్రాక్టీసు చేసి వెళ్ళారట. మోకాళ్ళు చూపించారు, ఇంకా మచ్చలున్నాయి.

వాళ్ళకి మనం జెర్సీలు పంపితే వేసుకుని ఎక్కడ ఆడతారన్నా? కప్పు వద్దు, జెర్సీలు వద్దు. ఆ డబ్బుతో గ్రౌండు మట్టి పోయించి మెరక చేయిద్దాం.

రాజోలు జట్టు కెప్టెన్:
బావా, నువ్వు చెప్పింది బానే ఉంది గానీ మట్టిలో పోసిన డబ్బు ఫోటోలో కనపడదు. ఇక్కడ స్పాన్సర్ చేసే బాకాలా (కిరాణా కొట్టు) ఆయన జెర్సీ మీద తన షాపు పేరు ఉంటుందనే ఒప్పుకున్నాడు. ఇంకోటి, ఒక్క వరదొస్తే నువ్వు పోసిన మట్టంతా పోతుంది.

ఊరెళ్ళిన తమ్ముడు:
మనది గోదారి మధ్యలో ఉండే లంక ఊరు కాదు బావా, ప్రవాహం రాదు, నీళ్ళు నిలుస్తాయంతే. నిలిచే నీళ్ళకి మట్టి పోదు. షాపు పేరు కావాలంటే అక్కడ ఆడే మన నాలుగు జట్ల చొక్కాల మీద వేయించు. ఆయన కస్టమర్లు కువైట్‌లోనే ఉన్నారు కదా.

కోశాధికారి:
గోల్‌కీపర్ని గుర్తు చేసినందుకు సంతోషం. ఆ వెదురు బొంగు తగిలి పగిలిన పన్ను ఇంకా అలాగే ఉంది.

డబ్బు సంగతి నేను చెప్పాలి. జనవరి 30న టేబుల్ మీద డబ్బా పెట్టి వసూలు చేయడం కుదరదు. అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేస్తే కువైట్‌లో కేసవుతుంది, అకామా (నివాస అనుమతి) మీదకి వస్తుంది. ఆ రోజు మనం తీసుకునేది ఆటకీ భోజనానికీ అయిన ఖర్చు మాత్రమే. ఊరికి పంపాలంటే ఎవరికి వారు తమ జీతంలోంచి, తమ బ్యాంకు ద్వారా పంపాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన అలా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అదే సంఘం పేరుతో పోగుచేసి పంపితే వస్తుంది, దానికి ఇండియాలో రిజిస్ట్రేషన్ కావాలి, మన క్లబ్బుకి లేదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్ళు కూడా ఇందులో దిగొద్దు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతికి ఇచ్చే) కార్డున్నా సరే. టెన్షన్ పెట్టడానికి కాదు, తర్వాత నన్ను అడగొద్దని చెప్తున్నాను.

వంటలు చూసే అక్క:
భోజనాల లెక్క ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే చెప్తున్నా. పనసపొట్టు కూర, పప్పుచారు, కొబ్బరి పచ్చడి, చికెన్. పనసపొట్టు ఇక్కడ తాజాగా దొరకదు, తమ్ముడూ, నువ్వు వచ్చేటప్పుడు కొట్టించి ఫ్రీజరులో గడ్డకట్టించి తీసుకురా. పూతరేకులు పైన పెట్టు, సూట్‌కేసులో అడుగున పడేస్తే పొడి చేసుకు తినాలి.

ఆ తొమ్మిది మందిలో మా చెల్లెలి కూతురు ఉంది. పొద్దున్నే ఆటకెళ్తోందని వాళ్ళ నాన్న గొడవ. ఈసారి మన ఆడపిల్లలతో కూడా ఇరవై నిమిషాలు ఒక ఆట పెట్టండి, ఆ వీడియో వాళ్ళ నాన్నకి నేను పంపుకుంటా. నా ఓటు మెరకకే.

కార్యదర్శి:
సరే, నాకు పట్టుదలేం లేదు. కానీ కప్పుకి అడ్వాన్సు ఇచ్చేశాను. మెరకంటే ఎంత, ఎప్పుడు, ఎవరు నిలబడి చేయిస్తారు? నువ్వు వచ్చేస్తావు కదా.

ఊరెళ్ళిన తమ్ముడు:
కప్పు కువైట్‌లో గెలిచిన జట్టుకే ఇచ్చేద్దాం అన్నా, పోయిందేం లేదు.

నిన్న మాస్టారూ నేనూ తాడు పట్టుకుని చూశాం. గ్రౌండంతా అక్కర్లేదు. డ్రైన్ వైపు మూల, ఆ గోలు ముందు భాగం, అక్కడే అడుగున్నర పల్లం. ఆ మేర బుసక (ఇసక మట్టి) పోసి, పైన గట్టి మట్టి ఒక పొర వేసి రోలరు తొక్కిస్తే చాలు. గట్టు కింద ఒక తూము వేయాలి, నీళ్ళు లోపలికి తన్నకుండా దానికి మూత ఉండాలి. తూము లేకుండా మెరక పోస్తే నీళ్ళు స్కూలు వరండాలోకి వస్తాయని మాస్టారు మరీ మరీ చెప్పారు. పని ఏప్రిల్లో దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, కాలవలు కట్టేసినప్పుడే చేయాలి. జూన్లో నీళ్ళు వదిలితే బండి దిగబడిపోతుంది. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను, రాతపూర్వకంగా అర్జీ పెట్టమన్నారు, రేపు ఇస్తున్నాను. దగ్గరుండి చూసేది మాస్టారే. మట్టి తోలే ట్రాక్టరాయన కూడా మనవాడే, ఒకప్పటి లెఫ్ట్ వింగు. డీజిల్ ఖర్చిస్తే చాలన్నాడు, అయినా కిరాయి ఇచ్చేద్దాం.

క్రికెట్ కుర్రాళ్ళతో కూడా కూర్చున్నాం. పిచ్ తీసేయడానికి ఒప్పుకున్నారు గానీ, దాన్ని పక్కకి జరిపి పోసివ్వమని అడిగారు. అది న్యాయమే, లెక్కలో కలపండి.

రాజోలు జట్టు కెప్టెన్:
లెఫ్ట్ వింగు వాడా! వాడు నాకు ఇంకా నాలుగొందలు బాకీ. కిరాయిలో కొట్టేయ్. చొక్కాల సంగతి బాకాలా ఆయనతో మాట్లాడాను, ఒప్పుకున్నాడు. కానీ రాజోలు జట్టుకి ఎర్ర రంగే కావాలి.

ఊరెళ్ళిన తమ్ముడు:
ఇంకోటి మర్చిపోయాను. ఏమైనా పంపాలనిపిస్తే బంతులు పంపండి. పెద్దపిల్లలకి 5 నంబరు, చిన్నవాళ్ళకి 4 నంబరు. ఉన్న రెండింట్లో ఒకటి ఉబ్బి కోడిగుడ్డులా అయింది. గాలి తీసి సూట్‌కేసులో పెట్టుకుంటే పది పడతాయి, ఫిబ్రవరిలో ఊరెళ్ళేవాళ్ళెవరో చెప్పండి.

వంటలు చూసే అక్క:
మా ఆయన 12న వెళ్తున్నారు. ఆరు పెట్టండి, మిగతా చోటు నా చీరలకి.