ఆయానా, డేకేరా, అత్తగారా? లెక్క తేలట్లేదు

లెక్కల మనిషి (మియాపూర్):

అందరికీ నమస్తే. మా బాబుకి ఐదు నెలలు దాటాయి. మా ఆవిడ 26 వారాల మెటర్నిటీ లీవు వచ్చే నెల మొదటి వారంతో అయిపోతుంది. ఇద్దరివీ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగాలు. నా చేతికి నెలకి 88 వేలు, తనకి 62 వేలు వస్తాయి. వారంలో మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాల్సిందే.

ఎక్సెల్‌లో అన్నీ వేసి చూశాను. ఇంట్లోనే ఉండే ఆయా కావాలంటే ఏజెన్సీ వాళ్లు నెలకి 26 వేలు అడిగారు. పదకొండు నెలల ఒప్పందం, ఒక నెల జీతం కమీషన్. భోజనం, సబ్బులు, మిగతావి కలిపితే నెలకి 31 వేలు దాటుతోంది. పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చి ఏడింటికి వెళ్లే ఆవిడ అయితే 18 వేలు, మా వాచ్‌మన్ భార్యకి తెలిసినామె. ఇంటి దగ్గర డేకేర్ 14 వేలు, చేరేటప్పుడు ఇంకో 15 వేలు. సాయంత్రం ఆరున్నర దాటితే గంటకి 200. చివరిది మా అత్తగారు. తెనాలిలో ఉంటారు, రమ్మంటే వస్తారు. ఖర్చు సున్నా.

ఇంట్లో ఉండే ఆయాని పెడితే మా ఆవిడ జీతంలో సగం ఆమెకే పోతుంది. అలాంటప్పుడు తను ఉద్యోగం చేసి ఏం మిగులుతుందని ఒక ఆలోచన. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

భీమవరం తాతయ్య:

బాబూ, అత్తగారి ఎదురుగా సున్నా వేశావు చూడు, అక్కడ ఆగాను.

మా అమ్మాయికి పాప పుట్టాక మా ఆవిడ హైదరాబాద్ వెళ్లింది. మూడు నెలలకని వెళ్లి ఏడాది పైనే అక్కడ ఉండిపోయింది. నేను రిటైరైన మాస్టారిని, ఇల్లు వదిలి రాలేను. మధ్యాహ్నం అన్నం కుక్కర్‌లో పెట్టుకుని, కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునేవాణ్ణి. వాళ్లు నూనె ఎలా పోస్తారో తెలుసుగా. నా కొలెస్ట్రాల్ మాత్రలు, ఆవిడ మోకాళ్ల ఇంజెక్షను, నెలకోసారి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ టిక్కెట్లు, ఇవన్నీ ఎవరి ఎక్సెల్‌లో రాయాలి?

రావద్దనట్లేదు. మనవరాలితో గడిపిన రోజులు మా ఆవిడకి ఇష్టమే, ఇప్పటికీ ఆ ముచ్చట్లే చెబుతుంది. కానీ పదహారో అంతస్తులో పొద్దుటి నుంచి రాత్రి దాకా పిల్లని ఎత్తుకుని, మాట్లాడే తోడు లేక, అల్లుడిగారి ఇంట్లో టీవీ సౌండు పెంచాలన్నా మొహమాటపడేది. మీ అత్తగారు వస్తే మీ మామగారు ఏం తింటారో ముందు అడుగు.

నిజాంపేట అమ్మ:

లెక్కల మనిషి గారూ, మీ షీట్‌లో ఒక కాలమ్ లేదు. ఆయా రాని రోజున, డేకేర్ వాళ్లు తీసుకోని రోజున, అత్తగారికి ఒంట్లో బాగాలేని రోజున ఆఫీసుకి సెలవు పెట్టేది ఎవరు? మా ఇంట్లో అసలు ఖర్చంతా అక్కడే తేలింది.

మా పాపకి ఇప్పుడు రెండున్నరేళ్లు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. మొదట్లో పగటి ఆయాని పెట్టుకున్నాం, శ్రీకాకుళం వైపు ఆవిడ. బంగారంలాంటి మనిషి. పాపకి ఉగ్గు చేసేది, నలుగు పెట్టి స్నానం చేయించేది, ఆవిడ ఉంటే నేను మీటింగ్‌లో ఏ టెన్షన్ లేకుండా కూర్చునేదాన్ని. కానీ సంక్రాంతికి ఊరెళ్తే రెండు వారాలు. వాళ్ల ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్‌కి మళ్లీ. 2024 మే 13న ఓట్లకి వెళ్లినప్పుడైతే తిరుగు బస్సు దొరకలేదని ఇంకో వారం. ఆవిడ తప్పేం లేదు, మనమూ పండక్కి ఊరెళ్తాం కదా. అయితే వెళ్లిన ప్రతిసారీ ఇంట్లో ఉండిపోయింది నేనే. మా ఆయనకి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందిట. నాకు లేనట్టు! ఆ ఏడాది నాకు వచ్చిన రేటింగ్ వల్ల పోయిన బోనస్‌తో ఆయాకి మూడు నెలల జీతం ఇవ్వొచ్చు.

డేకేర్‌లో ఆ బాధ ఉండదు, ఒకామె మానేస్తే ఇంకొకరు చూస్తారు. కానీ అక్కడ సెలవులు పిల్లలే పెట్టిస్తారు. చేరిన కొత్తలో జలుబు, దగ్గు, జ్వరం వరసగా ఉంటాయి. మా దగ్గర రూలేమిటంటే జ్వరం తగ్గి పూర్తిగా ఒక రోజు గడిస్తే గానీ లోపలికి రానివ్వరు. వానాకాలంలో హ్యాండ్ ఫుట్ మౌత్ (చేతులకీ కాళ్లకీ నోట్లోనూ పొక్కులొచ్చే అంటుజబ్బు) వచ్చిందంటే ఇక వారం మొత్తం ఇంట్లోనే. ఫీజు మాత్రం తగ్గించరు. కాబట్టి 14 వేలు అని రాసుకున్నది మొదటి ఆరు నెలలూ 14 వేలు కాదు.

ఇంకొకటి, కాస్త ఘాటుగానే అంటాను. ఆయా జీతాన్ని మీ ఆవిడ జీతంలోంచే ఎందుకు తీసేశారు? బాబు ఇద్దరికీ పుట్టాడు. 88, 62 కలిపితే లక్షా యాభై వేలు. అందులోంచి 31 వేలు తీస్తే ఐదో వంతు. సగానికీ ఐదో వంతుకీ చాలా తేడా ఉంది కదా. పైగా ఇప్పుడు మానేస్తే పోయేది 62 వేలే కాదు. మూడేళ్ల తర్వాత వెతుక్కుంటే అదే జీతానికి ఎవరూ పిలవరు. మా టీమ్‌లో నా కంటే బాగా పనిచేసే అమ్మాయి అలా మానేసి, ఇప్పుడు నా కింద కాంట్రాక్టులో ఉంది.

ఇప్పుడు మేం చేస్తున్నది చెబుతాను. పాపకి ఏడాదిన్నర వచ్చాక డేకేర్‌లో వేశాం. మా వంటామె సాయంత్రం ఆరింటికి పాపని అక్కడి నుంచి తీసుకొచ్చి, మేం వచ్చేదాకా ఇంట్లో ఉంటుంది. దానికి విడిగా 4 వేలు ఇస్తున్నాం. ఔటర్ మీద ట్రాఫిక్ ఆగినా గుండె దడ లేదు. జ్వరం వస్తే మొదటి రోజు సెలవు నాది, రెండో రోజు ఆయనది, ఇది ముందే రాసుకున్నాం. మీ బాబు ఇంకా చిన్నవాడు, కూర్చోవడమైనా సరిగ్గా వచ్చేదాకా పగటి ఆయా అయితే నయమని నా అభిప్రాయం.

మీ ఆవిడని వాళ్ల హెచ్ఆర్‌ని కూడా అడగమనండి. 50 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థ క్రెష్, అంటే ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు, కల్పించాలని 2017లో మెటర్నిటీ చట్టాన్ని సవరించినప్పుడే పెట్టారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. క్రెష్ ఆఫీసు లోపలే ఉండాలని లేదు, చాలా కంపెనీలు దగ్గర్లో ఉన్న డేకేర్‌తో మాట్లాడుకుంటాయి. 26 వారాలు అయ్యాక, పని అనుకూలిస్తే కంపెనీ, ఉద్యోగిని ఇద్దరూ ఒప్పుకుని కొన్నాళ్లు ఇంటి నుంచే చేసే వీలు కూడా ఆ సవరణలోనే ఉంది. అడగనివాళ్లకి ఎవరూ పిలిచి చెప్పరు.

గాజులరామారం అమ్మాయి:

పైన అక్క చెప్పింది చదివాక నేను కూడా రాయాలనిపించింది. మా అమ్మ ఆయాగానే పనిచేస్తుంది, కూకట్‌పల్లి వైపు. ఆ సంపాదనతోనే నేను డిగ్రీ చదివాను.

మీరంతా ఆయా మానేస్తుందని భయపడతారు. ఎందుకు మానేస్తుందో చెబుతాను. మా అమ్మ ఒక ఇంట్లో చేరేటప్పుడు పాపని చూసుకోవడమే పని అన్నారు. నెల తిరిగేసరికి అంట్లు, బట్టలు మడతపెట్టడం, వాళ్ల చుట్టాలొస్తే టీలు. జీతం అదే. వేసవిలో వాళ్లు నెల రోజులు అమెరికా వెళ్తే ఆ నెల డబ్బులు ఇవ్వలేదు. మా ఇంటి అద్దె ఆగుతుందా? పక్క బ్లాకులో 2 వేలు ఎక్కువిస్తామన్నారు, వెళ్లిపోయింది. వాళ్లు ఇప్పటికీ నమ్మకద్రోహం అంటారట.

ఇప్పుడున్న ఇంట్లో ఐదేళ్లుగా ఉంది. వాళ్లు పెద్దగా ఎక్కువేం ఇవ్వరు. కానీ నెలకి నాలుగు సెలవులు, ఊరికి వెళ్లడానికి ఏడాదికి పదిహేను రోజులు జీతంతో, దసరాకి ఒక నెల జీతం బోనస్. వాళ్లు ఊళ్లో లేకపోయినా జీతం వస్తుంది. ఏ పని ఎవరిదో చేరిన రోజే చెప్పారు. సంక్రాంతికి ఎప్పుడు వెళ్తుందో నవంబర్‌లోనే మాట్లాడుకుంటారు, దాన్ని బట్టి మేడమ్ వాళ్ల అమ్మగారు వస్తారు. అన్నా, మీరు వేసిన 18 వేలకి ఇవన్నీ కలిపితే నెలకి దాదాపు 20 వేలు అవుతుంది. అది వేసుకోండి.

ఆటోకి ఆవిడకి రోజూ ఎంతవుతుందో కూడా కనుక్కోండి. దూరం నుంచి వచ్చేవాళ్లే ఎక్కువగా మానేస్తారు.

ఫ్రిస్కో మావయ్య:

ఇక్కడ డాలస్ దగ్గర మా పరిస్థితి రాస్తే మీకు కాస్త ధైర్యం వస్తుంది. చంటిపిల్లకి డేకేర్ నెలకి 1,900 డాలర్లు. నానీని పెట్టుకుంటే ఇంకా ఎక్కువ, పైగా మనమే యజమానులం కాబట్టి ఆమె పన్నుల కాగితాలు కూడా మన నెత్తినే. అందుకే ఇక్కడ తెలుగువాళ్ల ఇళ్లలో ఒకటే పద్ధతి. టూరిస్ట్ వీసా మీద మామూలుగా ఆరు నెలలే ఉండనిస్తారు. ముందు అమ్మమ్మా తాతయ్యా, వాళ్లు విమానం ఎక్కే వారంలో నాయనమ్మా తాతయ్యా దిగుతారు. టిక్కెట్లు, ఇన్సూరెన్సు కలిపితే అదీ ఉచితం కాదు. డేకేర్ ఖర్చుకి పన్ను లేకుండా జీతంలోంచి పక్కన పెట్టుకునే పరిమితి 2026 నుంచి 5,000 డాలర్ల నుంచి 7,500 అయింది, మాకు నాలుగు నెలల ఫీజుకి కూడా సరిగ్గా రాదు. భీమవరం మాస్టారూ, మీ ఆవిడలాగే మా నాన్నకీ ఇక్కడ తోచేది కాదండి, చలికాలంలో కిటికీ దగ్గరే కూర్చునేవారు. కారు రాని మనిషికి ఇక్కడ కాళ్లు కట్టేసినట్టే.

లెక్కల మనిషి (మియాపూర్):

అందరికీ థ్యాంక్స్. ఈ థ్రెడ్ మా ఆవిడకి చూపించాను. నిజాంపేట గారి పేరా ఒకటి నాకే గట్టిగా చదివి వినిపించింది, ఏదో మీరు ఊహించగలరు. షీట్‌లో జీతాలు రెండూ కలిపి ఒకే గడిలో వేశాను. సెలవుల కాలమ్ కూడా పెట్టాను, అందులో ఆమెకి ఎన్ని పడ్డాయో నాకూ అన్నే పడేలా.

మా మామగారికి ఫోన్ చేశాను. వంట రాదు గానీ నేర్చుకుంటానన్నారు, అత్తగారు వెనక నుంచి నవ్వుతున్నారు. కాబట్టి ఆవిడ ఎప్పుడూ ఉండేలా కాకుండా, మొదటి నెల రోజులూ, తర్వాత సంక్రాంతికీ వచ్చేలా అనుకున్నాం. వాచ్‌మన్ భార్య చెప్పినామె ఆదివారం మాట్లాడడానికి వస్తోంది. గాజులరామారం చెల్లెమ్మ రాసినట్టు 20 వేల లెక్కే వేసుకున్నాం. హెచ్ఆర్ వాళ్లు ఇంకా జవాబివ్వలేదు.

ఏడాదిన్నర తర్వాత డేకేర్‌కి అంటున్నారు కదా, ఇప్పుడే రెండు మూడు చూసి పెట్టుకోవాలా? కెమెరాలు ఉన్నది తీసుకుంటే సరిపోతుందా?

నిజాంపేట అమ్మ:

ఇప్పుడే చూడండి, మంచివాటిలో సీటుకి నెలల తరబడి ఆగాలి. కెమెరా లైవ్ చూడడానికి మీకు ఆఫీసులో తీరికెక్కడిది? సాయంత్రం ఐదున్నరకి, చెప్పకుండా వెళ్లండి. ఆ టైమ్‌కి పిల్లలూ అలిసిపోతారు, చూసేవాళ్లూ అలిసిపోతారు. డైపర్ ఎక్కడ మారుస్తున్నారు, అక్కడే చేతులు కడుక్కునే చోటుందా, ఒక్కొక్కరి చేతిలో ఎంతమంది చంటిపిల్లలున్నారు, ఇవి చూడండి. అక్కడున్న ఆయమ్మల్ని ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారని అడగండి. అందరూ మొన్ననే చేరామంటే అడ్మిషన్ ఫీజు కట్టకండి.

ఇంటికొచ్చే ఆవిడ ఆధార్ కాపీ తీసుకుని, దగ్గర్లోని స్టేషన్‌లో వెరిఫికేషన్‌కి ఇవ్వడం మరవొద్దు. ఆవిడకి ముందే చెప్పి ఇవ్వండి, తర్వాత తెలిస్తే నొచ్చుకుంటుంది.