ఆలూరు నుంచి కర్నూలుకు కొలనోస్కోపీ: తెల్లవారుజామున తాగాల్సిన రెండో లీటరు సంగతేంది?

52 ఏళ్ల మనిషికి పెద్దపేగు క్యాన్సర్ ముందస్తు పరీక్ష (కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం), కర్నూలులో, ఉదయం 10కి. సొంత అన్నకు 48కే ఈ జబ్బు బయటపడింది. దానికి పదేళ్ల ముందు, అంటే 38 నుంచే చూపించుకోవాల్సింది, కాబట్టి మలంలో రక్తం చూసే పరీక్షతో సరిపెట్టే వీల్లేదు.

పెగ్ పొడి (విరేచనాలు చేయించి పేగు శుభ్రం చేసే మందు) 2 లీటర్ల నీళ్లలో కలిపి, ముందురోజు సాయంత్రం ఒక లీటరు, తెల్లవారి 5కి రెండోది తాగాలి. 8 తర్వాత చుక్క నీళ్లు కూడా వద్దన్నారు. మొత్తం రాత్రే తాగేస్తే పొద్దునకి చిన్నపేగు నుంచి పసుపు జిగురు దిగి కుడివైపు పేగుకు పట్టేస్తుంది; చదునైన పాలిప్‌లు (పేగు గోడ మీద పెరిగే గడ్డలు, కొన్ని క్యాన్సర్‌గా మారొచ్చు) దాక్కునేది ఆ కిందే. మరి 5కి లీటరు తాగినోడు బస్సెక్కేదెట్లా? ముందురోజే ఆసుపత్రి దగ్గర లాడ్జిలో దిగడం మేలా (గదిలోనే మరుగుదొడ్డి ఉండాలి, అది ముఖ్యం), మధ్యాహ్నం టైమ్ అడగడం మేలా? అట్లా మార్పించుకున్నోళ్లు ఉన్నారా?

ఇంకోటి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపారు, అవి మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. మూడు రోజులు రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, జామ, టమాటా గింజలు బంద్. తెల్లన్నం, మజ్జిగ, గుడ్డు కాక నోటికి రుచించేది ఇంకేమన్నా చెప్తారా?