వాడేసిన కార్బన్‌ను కాలిస్తే కొత్తదవుతుందా?

కనిగిరి_ప్లాంటు: మా వాటర్ ప్లాంటులో నీళ్లు శుభ్రం చేసే కార్బన్ మార్చాలి. వాడేసిన కొబ్బరిచిప్ప కార్బన్‌నే కాల్చి కొత్తదిగా చేసిస్తానని ఒంగోలు ఏజెంటు ఒకాయన అంటున్నాడు. సగం ధర. నమ్మొచ్చా?

కందుకూరు_అన్న: నిక్షేపంగా. కాలిస్తే పట్టిన మురికి పోయి రంధ్రాలు తెరుచుకుంటాయి. అయోడిన్ నంబర్ చూసుకో, చాలు.

కావలి_ల్యాబ్: అయోడిన్ నంబర్ రంధ్రాల లెక్కే చెబుతుంది, వాటి గోడల మీద ఏముందో చెప్పదు. అక్కడ ఆక్సిజన్ గ్రూపులుంటాయి, అంటే కార్బన్‌కు అంటుకున్న ఆక్సిజన్ ఉన్న చిన్న అణు గుంపులు, వాటిలో రకాలున్నాయి. గాలి తగలకుండా, నైట్రోజన్‌లో వేడి చేస్తే కార్బాక్సిల్ గ్రూపులు దాదాపు 200-400 డిగ్రీల్లోనే కార్బన్ డయాక్సైడ్‌గా లేచిపోతాయి. ఫినాల్, క్వినోన్ గ్రూపులు మొండివి, 600 దాటాక కార్బన్ మోనాక్సైడ్‌గా పోతాయి. 900 దాకా పోతే ఆమ్ల గుణం పోయి క్షార గుణం మిగులుతుంది. అదే 300-400 దగ్గర గాలి తగిలిందా, కొత్తగా ఆమ్ల గ్రూపులు పుట్టుకొస్తాయి. నీళ్లలోని సీసం, రాగి పట్టడానికి ఆమ్లపు కార్బన్ మేలు, నీళ్లలో కలిసిన ఫినాల్ లాంటి మలినాలకు క్షారపుది.

కందుకూరు_అన్న: మనం తాగేది సీసమా సామీ? క్లోరిన్ వాసన పోతే చాలదా?

బోరునీళ్లు: ఫ్లోరైడ్ పోతుందా దీంతో?

కావలి_ల్యాబ్: మామూలు కార్బన్‌తో పోదు. ఆర్వో ఉండాలి, లేదంటే యాక్టివేటెడ్ అల్యూమినా.

కావలి_ల్యాబ్: అన్నా, మా వీధి ప్లాంటులో కాల్చిన కార్బన్ వేసిన రోజు పీహెచ్ 9 దాటింది, అంటే నీళ్లు క్షారంగా మారాయి. అడిగితే నీ మీటరే చెడిపోయిందన్నారు.

కందుకూరు_అన్న: కొత్తది వేసినా మొదట్లో పీహెచ్ ఎక్కుద్ది. కడిగి, ఆ నీళ్లు పారబొయ్యాల. ఇది కూడా తెలీకుండా ల్యాబ్ అని పేరు.

కావలి_ల్యాబ్: సరే, ఆ బట్టీలో వేడెంత? గాలి తగులుతుందా? ఎవరైనా చూశారా?

కందుకూరు_అన్న: నా బట్టీ నాకు తెలీదా!

బోరునీళ్లు: ఓహో 😄

కావలి_ల్యాబ్: బట్టీ మీదేనా? ఇంతసేపూ చెప్పలేదేం?

కందుకూరు_అన్న: దొంగతనమా, దాచుకోడానికి? ఒంగోలు ఆయన కూడా నా దగ్గరే కాల్పిస్తాడు. పెద్ద కంపెనీలు చేస్తే టెక్నాలజీ, మేం చేస్తే మోసమా?

కావలి_ల్యాబ్: కాల్చొద్దని నేనన్లేదు. వాళ్లు 800 డిగ్రీల పైన ఆవిరి పెట్టి చేస్తారు. తాగునీటి కార్బన్‌ను ఫ్యాక్టరీల్లో వాడినదాంతో కలపరు. మీ బస్తా మీద 'వాడినది' అని ఉంటుందా?

కందుకూరు_అన్న: అట్టా రాస్తే ఎవడు కొంటాడు?

కనిగిరి_ప్లాంటు: నేనిచ్చిన కార్బనే నాకు తిరిగొస్తుందా అన్నా? ఫోన్లో అడిగితే ఏజెంటు మాట దాటేశాడు.

కందుకూరు_అన్న: నీవి పది బస్తాలు. పది బస్తాలకు బట్టీ ఎవడు వెలిగిస్తాడబ్బా?