చేతిలో డబ్బు ఆడకపోతే స్టార్ ప్లేయర్‌ని వదిలేసుకోవడమేనా?

క్లీవ్‌లాండ్_రవి:
2009 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) మొదటి మ్యాచ్ మళ్లీ చూశాను, కడుపు మండిపోయింది. బంతులేసింది ఫిలడెల్ఫియాకి క్లిఫ్ లీ, న్యూయార్క్ యాంకీస్‌కి సబాథియా, ఇద్దరూ మా క్లీవ్‌లాండ్ టీమ్‌లో ఉండగా సై యంగ్ అవార్డు (ఏడాదిలో బెస్ట్ పిచర్‌కి, అంటే బంతులేసేవాడికి ఇచ్చేది) కొట్టినవాళ్లే. సబాథియాని 2008 జులైలో మిల్వాకీకి, లీని ఏడాది తిరిగేసరికి ఫిలడెల్ఫియాకి పంపేశారు. యాంకీస్ బ్యాటర్ జానీ డామన్ గాల్లోకి లేపిన బంతిని లీ ఒళ్లు వంచకుండా, ఎవరో ఇస్తున్న కూరల సంచి అందుకున్నట్టు గ్లవ్ పక్కకి చాపి పట్టాడు చూడండి, అది మా స్టేడియంలో చూడాల్సింది! మాంద్యమంటారు, టికెట్ కొనే మాకు మాత్రం మాంద్యం లేదా?

లెక్కల_మాస్టారు:
రవి గారూ, సబాథియా కాంట్రాక్టు ఆ సీజన్‌తోనే అయిపోతోంది. యాంకీస్ 7 ఏళ్లకి 16.1 కోట్ల డాలర్లు ఇచ్చారు, మీ ఓనరు పెట్టగలిగేవాడా? ఊరికే పోయేవాణ్ణి ముందే ఇచ్చి బదులుగా బ్రాంట్లీ అనే బ్యాటర్ని తెచ్చుకున్నారు. లీకి బదులు వచ్చినవాళ్లలో పిచర్ కరాస్కో ఉన్నాడు. 2016లో ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లలేదూ?

క్లీవ్‌లాండ్_రవి:
ఆ ఫైనల్లో బ్రాంట్లీ, కరాస్కో ఇద్దరూ గాయాలతో బయటే కూర్చున్నారు మాస్టారూ 😀 పైగా లీని ఇంకో ఏడాది ఉంచుకునే ఆప్షన్ టీమ్ చేతిలోనే ఉంది.

పాత_స్కోర్‌కార్డు:
ఇది 1930లలోనే జరిగింది. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ 1929, 30 రెండేళ్లూ ఛాంపియన్లు. అప్పటి మహా మాంద్యంలో జనం రాక, బ్యాంకు అప్పులు మీద పడి ఆ టీమ్ ఓనరు కోనీ మాక్ 1932లో సిమన్స్‌తో మొదలుపెట్టి గ్రోవ్, కాక్రెన్, ఫాక్స్ లాంటి స్టార్లని ఒక్కొక్కరినీ అమ్ముకుంటూ పోయాడు. ఆ టీమ్ మళ్లీ లీగ్ గెలిచింది 1972లో, అప్పటికి ఊరే మారి ఓక్లాండ్‌లో ఉంది. వాషింగ్టన్ ఓనరు గ్రిఫిత్ అయితే తన మేనకోడల్ని పెళ్లాడిన స్టార్ ప్లేయర్ జో క్రోనిన్‌ని, పెళ్లయిన కొత్తలోనే, రెండు లక్షల డాలర్లకి పైగా తీసుకుని బోస్టన్‌కి ఇచ్చేశాడు. అల్లుడు హనీమూన్‌లో ఉన్నాడు పాపం.

లెక్కల_మాస్టారు:
మాక్‌ని నేను తప్పు పట్టను, ఆయనకి గేటు దగ్గర టికెట్ల డబ్బు తప్ప ఇంకో ఆదరువు లేదు. ఇప్పటి ఓనర్లకి టీవీ డబ్బుంది కాబట్టి అంత జాలి అక్కర్లేదు, ఒప్పుకుంటా. 2021లో కొలరాడో టీమ్ అయితే తన స్టార్ అరెనాడోని ఇచ్చి, పైన దాదాపు 5 కోట్ల డాలర్లు ఎదురుకట్నం కూడా పెట్టింది. దాన్ని పొదుపు అని నేను కూడా అనలేను.

క్లీవ్‌లాండ్_రవి:
అదే ఏడాది మా స్టార్ లిండోర్ న్యూయార్క్ మెట్స్‌కి పోయాడు. మా పిల్లాడికి ఆ జెర్సీ కొన్నది అంతకు ముందు వేసవిలోనే. 2022లో మా ఇంకో స్టార్ రామిరెజ్ తక్కువకే సంతకం పెట్టి ఉండిపోయాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే మా పిల్లాడికి ఇంకో పేరు నేర్పాల్సి వచ్చేది.