మా ఆయన డ్రగ్స్ మానేసి 103 రోజులు. ఇప్పుడు నా పక్కన కూడా పడుకోవడం లేదు

నిద్రలేనిరాత్రి:

పేరు చెప్పను. నాకు 31 ఏళ్లు, మియాపూర్‌లో ఉంటాం, పెళ్లై ఐదేళ్లు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే, పిల్లలు లేరు. మా ఇంట్లో జరిగింది అమ్మకి సగం తెలుసు, అత్తగారికి అసలు తెలీదు.

మా ఆయన రెండేళ్లు ఎండీ వాడారు. మెఫెడ్రోన్ అనే పొడి. మొదట్లో ఫ్రెండ్స్‌తో నెలకోసారి ఫామ్‌హౌస్‌లో, తర్వాత ప్రతి శుక్రవారం మా ఇంట్లోనే, బాత్రూమ్ తలుపు వేసుకుని. గంటకోసారి వెళ్లేవారు. పడుకున్నా పళ్లు పటపటా కొరికే చప్పుడు నాకు వినిపిస్తూనే ఉండేది.

దాచకుండా రాస్తాను, లేకపోతే మీరు సలహా చెప్పలేరు. అది వాడిన రాత్రి ఆయనకి కోరిక విపరీతంగా ఉండేది. శరీరం మాత్రం సహకరించేది కాదు. ఎన్ని గంటలైనా వదిలేవారు కాదు. నొప్పిగా ఉంది, వద్దు అంటే "నా మీద ఇష్టం పోయిందా" అని గొడవ. భయపడి సరే అన్న రాత్రులు చాలా ఉన్నాయి. తర్వాత దానికి తోడు మెడికల్ షాపులో వయాగ్రా లాంటి మాత్రలు కూడా తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇంకోపక్క అనుమానం. నా ఫోన్, నా క్యాబ్ రసీదులు, లిఫ్ట్‌లో నాతో ఎవరు దిగారు... చివరికి డేటింగ్ యాప్‌లో ఆయన చాటింగే నాకు దొరికింది. ఇద్దరిని కలిశానని డీ-అడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్ ముందు ఒప్పుకున్నారు.

సెంటర్‌లో నెల రోజులున్నారు. ఇంటికొచ్చాక రెండు వారాలు పండగే అనుకోండి. పొద్దున్నే వాకింగ్, కొత్త సోఫా, తిరుపతికి టికెట్లు. ఆ తర్వాత బ్యాటరీ అయిపోయినట్టు ఆగిపోయారు. టీవీ పెట్టుకుని కూర్చుంటారు, ఏం చూస్తున్నారో ఆయనకే తెలీదు. హాల్లో పడుకుంటారు. నేను భుజం మీద చెయ్యి వేస్తే మంచినీళ్లకని లేచి వెళ్లిపోతారు.

అప్పుడు నన్ను కోరుకున్నది ఈ మనిషా, ఆ పొడా? నా మీద ఇష్టం పోయిందా? ఇంకెవరైనా ఉన్నారా? అమ్మేమో ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయంటోంది. నాకేం అర్థం కావడం లేదు.

ఒంటరిగోదావరి:

నేను బయటికి వచ్చేసిన దాన్ని, రాజమండ్రిలో ఉంటాను. వదిలేయమని నేను చెప్పను, ఉండమనీ చెప్పను. ఒక్కటి మాత్రం చెప్తాను. భయపడి సరే అన్నాను అని రాశారు చూడండి, దాన్ని "డ్రగ్స్ మైకంలో చేశాడులే" అని కొట్టిపారేయకండి. ఆయన మారితే మంచిదే. కానీ ఆ రాత్రుల గురించి ఆయన మీ ముందు కూర్చుని మాట్లాడాలి. మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ జరగలేదు. జరిగి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

బెజవాడ_బెంగళూరు:

చెల్లెమ్మా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. రెండేళ్ల నాలుగు నెలల క్రితం వరకు మీ ఆయనలా ఉన్నది నేనే. నాది కొకైన్‌తో మొదలై క్రిస్టల్ (మెథ్ అనే డ్రగ్) దగ్గర ఆగింది. మా ఆవిడ అడిగిన మాటలే మీరూ అడిగారు. అప్పుడు ఆమెకి జవాబు చెప్పలేకపోయాను, మీకు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు ఆ శరీరం సంగతి. ముక్కుతో పీల్చిన కొకైన్ ఊపు పావుగంట, అరగంట. ఎండీ కూడా తొందరగా దిగిపోతుంది, అందుకే మీ ఆయన గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లింది. క్రిస్టల్ అయితే ఎనిమిది, పన్నెండు గంటలు లాగుతుంది. అన్నీ చేసే పని ఒకటే, మెదడులో డోపమైన్‌ని ఒక్కసారిగా పొంగించడం. మంచి భోజనానికి, మనిషి స్పర్శకి మామూలుగా కొంచెం కొంచెంగా వచ్చే సంతోషం అది. దాంతో కోరికకి అదుపుండదు. అదే సమయంలో రక్తనాళాలు బిగుసుకుపోతాయి, అంగస్తంభన సరిగ్గా ఉండదు, స్ఖలనం ఆలస్యమవుతుంది, అసలు కాకపోవచ్చు కూడా. అది మీ లోపం అని ఒక్క క్షణం కూడా అనుకోకండి. నేనూ ఆ మాత్రలు వేసుకున్నాను. ఒకపక్క గుండెని పరిగెత్తించే సరుకు, ఇంకోపక్క బీపీ తగ్గించే మాత్ర. ఒకరోజు ఛాతీ పట్టేసి బాత్రూమ్ నేల మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ తలుపు కొడుతుంటే తియ్యలేకపోయాను. మీ ఇంట్లో ఆ మాత్రలు మిగిలి ఉంటే పారేయండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఆ రెండు వారాల పండగని మా సెంటర్‌లో హనీమూన్ అనేవారు, ఆ తర్వాత వచ్చేదాన్ని గోడ అనేవారు. లాస్ ఏంజెలెస్‌లో 1980ల్లో కొకైన్, మెథ్ వాడేవాళ్ల కోసం తయారుచేసిన మ్యాట్రిక్స్ అనే పద్ధతిలోని మాటలవి. మానేసిన నెలన్నర నుంచి సుమారు నాలుగో నెల దాకా ఈ గోడ. ఒంట్లో శక్తి ఉండదు, దేని మీదా ఆసక్తి ఉండదు, సెక్స్ మీద అసలే ఉండదు. చాలామంది మళ్లీ జారేది ఇక్కడే. మీ ఆయన 103వ రోజున ఉన్నారు, అంటే గోడ మధ్యలో ఉన్నారు. నా 90వ రోజున మా ఆవిడ నాకిష్టమైన ఉలవచారు చేసింది, దాంట్లో వెన్న వేసింది. నాకు వేడి తెలిసింది, ఉప్పు తెలిసింది, రుచి తెలియలేదు. ఆమె నా ముఖం వైపే చూస్తోంది. బాగుంది అని అబద్ధం చెప్పాను. ఉలవచారే రుచించని వాడికి ఇంకేం రుచిస్తుంది చెప్పండి.

ఇంకొకటి ఉంది, మగవాళ్లు నోరు తెరిచి చెప్పనిది. నేను చెప్పడానికి ఏడు నెలలు పట్టింది. రెండేళ్లు సెక్స్, సరుకు ఒకే గదిలో, ఒకే వెలుతురులో, ఒకే శుక్రవారం జరిగాయి. మెదడు ఆ రెంటికీ ముడి వేసేసింది. ఆవిడ దగ్గరికి వస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆవిడ కాదు, ఆ పొడి. నాలుక మీద చేదు తగిలేది, అరచేతులు చెమట పట్టేవి. అందుకే పారిపోయేవాడిని. ఆవిడకేమో చీదరించుకున్నట్టు కనిపించేది. మీరు భుజం మీద చెయ్యి వేసినప్పుడు మీ ఆయన నీళ్లకి లేవడం చదివి నాకు ఒళ్లు జలదరించింది. నేను బాల్కనీలోకి వెళ్లేవాడిని, అంతే తేడా. మీ ఆయన మనసులో ఏముందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ అడిగి చూడండి, "దగ్గరికి వస్తే నీకు అది గుర్తొస్తోందా" అని. ఇదే మాట అడగండి. "నేనంటే ఇష్టం లేదా" అని అడిగితే జవాబు రాదు, సిగ్గుతో చచ్చిపోతాడు మనిషి.

మేం ఏం చేశామో చెప్తాను. రెండు నెలలు సెక్స్ ఊసే వద్దని కౌన్సెలర్ ముందు ఇద్దరం ఒప్పుకున్నాం. అది విన్నాక నేను మళ్లీ ఆమె పక్కన పడుకోగలిగాను, ఎందుకంటే ఇక పరీక్ష లేదు కదా. మంచం పక్క గదిలోకి మార్చాం, నీలం లైటు తీసేశాం. శుక్రవారం సాయంత్రం ఇంట్లో ఉండకూడదని వాళ్ల అన్నయ్య వాళ్లింటికి వెళ్లేవాళ్లం. నా ఫోన్ లాక్ తీసి ఆమెకిచ్చాను. పాత నంబర్లు, యాప్‌లు అన్నీ ఆమె ముందే తీసేశాను. అనుమానంతో నేను ఆమెని పెట్టిన హింసకి అది సరిపోదు, తెలుసు. ఆ రాత్రుల గురించి కూడా మాట్లాడుకున్నాం. పైన అక్క చెప్పింది నిజం. ఆవిడ చెప్తుంటే మధ్యలో నేను "నాకు గుర్తు లేదు" అన్నాను. "నాకు గుర్తుంది" అంది. ఆ తర్వాత నేను నోరెత్తలేదు, పూర్తిగా విన్నాను.

మామూలుగా దగ్గరవడానికి మాకు పదకొండు నెలలు పట్టింది. మీకు అంతే పడుతుందని కాదు. మానేసి ఏడాది దాటేసరికి మెదడులో ఆ భాగాలు చాలావరకు కోలుకుంటాయని డాక్టర్ నాకు స్కాన్ బొమ్మలు చూపించి చెప్పారు. నాకు ఆ మాటే పట్టుకుని నడవడానికి కర్ర అయింది.

సిస్టర్_గుంటూరు:

డీ-అడిక్షన్ వార్డులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను తల్లీ. ఆ బాబు చెప్పింది బాగా చెప్పాడు. ఆయన వదిలేసిన రెండు విషయాలు చెప్తాను.

మొదటిది, మీ ఇద్దరికీ రక్తపరీక్షలు. మత్తులో కండోమ్ గుర్తుండదు. ఆయన ఇంకో ఇద్దరిని కలిశానన్నారు కదా. ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసీటీసీ అని ఉంటుంది, హెచ్ఐవీ పరీక్ష అక్కడ ఉచితం. సిఫిలిస్, హెపటైటిస్ బీ, సీ కూడా చేయించండి. ఆయన మానేసి మూడు నెలలు దాటింది, ఆ తర్వాత ఆయన ఇంకెవరినీ కలవకుండా, మీరిద్దరూ కలవకుండా ఉంటే ఇప్పుడు వచ్చే హెచ్ఐవీ ఫలితాన్ని నమ్మొచ్చు. ఇలాంటి ప్రమాదం నిన్నో మొన్నో జరిగి ఎవరైనా ఇది చదువుతుంటే మాత్రం ఆగకండి. 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే హెచ్ఐవీ రాకుండా 28 రోజుల మందులు ఇస్తారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

రెండోది, అమ్మ చెప్పిన బిడ్డ సంగతి. పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ గోడ మధ్యలో ఉన్న మనిషి మీద "ఈ నెల ఏమైనా విశేషమా" అనే టెన్షన్ కూడా పెడితే పాత దారి వెతుక్కుంటాడు. మా వార్డులో చూశాను, ఒకటి కాదు, చాలా. ఏడాది గడవనివ్వండి, పరీక్షల ఫలితాలు రానివ్వండి, ఆ తర్వాత మీకు కావాలనిపిస్తే కనండి.

ఈ డ్రగ్స్‌కి మద్యానికి ఉన్నట్టు ప్రత్యేకమైన మాత్ర లేదు. కౌన్సెలింగే మందు. ఫాలో-అప్ ఆపనివ్వకండి, తర్వాతిసారి మీరూ వెళ్లండి. దిగులు మరీ ఎక్కువై చనిపోవాలన్న మాట వస్తే అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. డ్రగ్స్ విషయానికైతే 14446. అనుమానం మళ్లీ మొదలైనా, చెయ్యి ఎత్తినా, బలవంతం చేసినా 181, ఆడవాళ్ల హెల్ప్‌లైన్. ఆ నంబరు మీ ఫోన్‌లో వేరే పేరుతో పెట్టుకోండి.

నిద్రలేనిరాత్రి:

ముగ్గురికీ ఏమని చెప్పాలో తెలీడం లేదు. నిన్న రాత్రి అన్నయ్య చెప్పిన మాటే అడిగాను. ఆయన గోరుచిక్కుడు ఈనెలు తీస్తున్నారు, నేను పక్కన కూర్చుని "దగ్గరికొస్తే అది గుర్తొస్తోందా" అన్నాను. చేతులు ఆగిపోయాయి. చాలాసేపటికి తల ఊపారు. తర్వాత "నీకెవరు చెప్పారు" అన్నారు. ఏడ్చారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది కూడా చెప్పాను. విన్నారు. ఇంకా హాల్లోనే పడుకున్నారు, కానీ గది తలుపు తీసే ఉంచమన్నారు.

సిస్టర్ గారూ, ఒక్కటి. ఐసీటీసీకి ఇద్దరం కలిసి వెళ్లొచ్చా? అక్కడ ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తే అని భయంగా ఉంది.

సిస్టర్_గుంటూరు:

కలిసే వెళ్లండి తల్లీ. పరీక్షకి ముందు, తర్వాత కౌన్సెలర్ విడిగా మాట్లాడతారు. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయరు, ఫలితం బయటికి చెప్పకూడదు, దానికి 2017 నాటి చట్టం ఉంది. ఎవరైనా కనిపించి అడిగితే థైరాయిడ్ పరీక్షకి వచ్చామనండి. ముందు టిఫిన్ తిని వెళ్లండి, ఈ పరీక్షకి పరగడుపున ఉండక్కర్లేదు.