డ్రమ్ములు లేని బ్లాక్ మెటల్ ఉంటుందా?

కావలి గిటార్: హెవీ మెటల్ రాక్ సంగీతంలో రెండు శాఖలైన డూమ్ నెమ్మదినీ బ్లాక్ మెటల్ కర్కశత్వాన్నీ కలిపిన ఆల్బమ్‌లలో, అమెరికా బృందం ‘సన్’ 2005లో తెచ్చిన ‘బ్లాక్ వన్’ను మించినది నేను వినలేదు. నార్వే బృందం ఇమ్మోర్టల్ 1995 నాటి పాటను తీసుకుని, అందులోని వేగమంతా పిండేసి, గిటార్ల రొదనూ గొంతునూ మిగిల్చారు. కాదనేవారు చెప్పండి.

ఒంగోలు దరువు: నేను కాదంటాను. అందులో పాటను నడిపే డ్రమ్ములే లేవు. బ్లాస్ట్ బీట్, అంటే డ్రమ్ముల మీద ఆపకుండా అతివేగంగా కొట్టే దరువు, లేకుండా బ్లాక్ మెటల్ ఏమిటి?

పెన్నా ఒడ్డు: చీమకుర్తి క్వారీలో రాయి కోసే యంత్రం పక్కన నిలబడితే ఇదంతా ఉచితం.

కావలి గిటార్: అన్నా, నార్వే బ్లాక్ మెటల్‌లో పేరున్న బర్జమ్ 1996 ఆల్బమ్‌లో ఇరవై అయిదు నిమిషాల పాట ఉంది. దానిలోనూ డ్రమ్ములు లేవు.

ఒంగోలు దరువు: అది కీబోర్డు సంగీతం. నేను అడిగింది డ్రమ్ముల గురించి.

కావలి గిటార్: మీరు ‘బ్లాక్ వన్’లో చివరి పాట వినే ఉండరు. పదిహేను నిమిషాలు దాటిన ఆ పాట కోసం, ఇరుకు చోటంటే భయమున్న గాయకుణ్ని శవపేటికలో ఉంచి రికార్డు చేశారు. ఆ గొంతులో ఉన్నది నటన కాదు, ఊపిరాడనితనం. దరువు పెడితే ఆ భయం చెదిరిపోతుంది.

సింగరాయకొండ: శవపేటికలోనా! మా అమ్మ వింటే ఫోను బావిలో పడేస్తుంది.

ఒంగోలు దరువు: పేటికలో పడుకుంటే కళ, పాడె ముందు డప్పు కొడితే అపశకునం. బాగుంది. మా నాన్న చావు డప్పు వాయించేవాడు. మంట దగ్గర కాచి, చిర్రా సిటికెన పుల్లా పట్టి నేనూ నేర్చుకున్నాను. నెల్లూరులో ఒక కాలేజీ పోటీకి డప్పు తీసుకెళితే, ‘చావింటి వాయిద్యం వేదిక మీద వద్దు’ అన్నారు. అక్కడే నల్ల చొక్కాల బృందం ఒకటి పుర్రె బొమ్మల జెండా కట్టి వాయించింది. దానికి మాత్రం చప్పట్లు.

కావలి గిటార్: మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ కాలేజీ మీద కోపం ఈ ఆల్బమ్ మీద తీర్చుకుంటే ఎలా? డూమ్ కూడా కాయకష్టంలోంచే వచ్చింది. డూమ్‌కు దారి వేసిన ఇంగ్లండ్ బృందం బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్ రేకుల కర్మాగారంలో వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. 1971 ఆల్బమ్‌లో తీగలు వదులు చేసి వాయించడానికి ఆ నొప్పీ ఒక కారణం.

ఒంగోలు దరువు: అయోమీ వేళ్ల కథ నీకు నోటికి వచ్చు. మన ఊళ్లలో డప్పు కొట్టే మనిషిని ఏ గుమ్మం బయట నిలబెడతారో తెలుసా? మృత్యువు గురించి మీరు వింటే గొప్ప అభిరుచి. కబురు రాగానే వెళ్లి వాయించిన మేము అంటరానివాళ్లం. నాకు ఈ ఆల్బమ్‌తో పేచీ అక్కడ.

పెన్నా ఒడ్డు: ఈ మాట మొదటే చెప్పి ఉంటే బ్లాస్ట్ బీట్ల గొడవ తప్పేది కదా అన్నా.

కావలి గిటార్: నేను ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టలేదు. వచ్చే నెల మేము రికార్డు చేసే పాటకు మీరు డప్పు వాయించండి.

ఒంగోలు దరువు: ఎంత ఇస్తావో ముందు చెప్పు, తమ్ముడూ. డ్రమ్ముల మాటకు మాత్రం ఇంకా జవాబు రాలేదు.